దీవి విమానాశ్రయం పెద్దది చేయాలంటే ముందు తేలాల్సిన లెక్కలు

మీరు అడిగింది ఇది: చిన్న దీవి, ఒకే రన్‌వే, సీజన్ వచ్చిందంటే ఊపిరాడని పాత టెర్మినల్. పెద్ద జెట్ విమానాలు దిగేలా రన్‌వేను సముద్రంలోకి పొడిగించి, కొత్త టెర్మినల్ కడతామంటున్నారు. పగడాలు, తాబేళ్లు, మంచినీళ్లు పాడవకుండా ఈ పని చేసే వీలుందా? పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక వల్ల నిజంగా ఏమైనా ఉపయోగం ఉంటుందా? పగడాలను వేరేచోటికి తరలిస్తామన్న హామీని నమ్మొచ్చా? దీనిపై బహిరంగ విచారణకు మీరు వెళ్తున్నారు కూడా. విమానాశ్రయాల రన్‌వే పనుల్లో, తీరం వెంబడి నిర్మాణాల్లో చాలాకాలం పనిచేశాను కాబట్టి నాకు తెలిసింది వివరంగా రాస్తున్నాను.

వీలుంది. అయితే నష్టంలో పెద్ద భాగం టెండరు పిలవకముందే ఖాయమైపోతుంది. రన్‌వే ఎంత పొడవు, ఏ వైపుకు, ఏ విమానం కోసం, ఏడాదికి ఎంతమంది కోసం అన్నవి తేలిపోయాక పర్యావరణ నిపుణుణ్ని పిలిస్తే, ఆయన చేయగలిగేది జరగబోయే నష్టాన్ని కాస్త తగ్గించడమే. కాబట్టి మీ శక్తినంతా నివేదిక చివరి అధ్యాయాల మీద కాకుండా ఈ మొదటి నిర్ణయాల మీద పెట్టండి.

ముందు, ఇప్పుడున్నది ఎందుకు సరిపోవడం లేదో చూడాలి. దీవుల్లో రద్దీ రోజంతా ఉండదు. విమానాలన్నీ హోటళ్ల చెక్-ఇన్, చెక్-అవుట్ వేళల చుట్టూ మూగుతాయి. రెండు మూడు గంటలపాటు టెర్మినల్‌లో నిలబడే చోటుండదు, ఆ తర్వాత హాలంతా ఖాళీ. టెర్మినల్ ఎంత పెద్దది కావాలో తేల్చేది ఆ రద్దీ గంటే. స్లాట్లను, అంటే విమానాలు దిగడానికీ లేవడానికీ కేటాయించిన వేళలను, కాస్త అటూ ఇటూ సర్దితే కొత్తగా ఏమీ కట్టకుండానే కొన్నేళ్ల వెసులుబాటు దొరుకుతుంది. ఎయిర్‌లైన్లు మొదట ఒప్పుకోవు, తమ విమానాల రొటేషన్ దెబ్బతింటుందంటాయి. రద్దీ గంటలో ల్యాండింగ్ ఛార్జీ పెంచి, మిగతా వేళల్లో తగ్గిస్తే చాలావరకు దారికొస్తాయి.

రన్‌వే పొడవు కూడా ఇలాగే లెక్కగట్టి చూడాల్సిన విషయం. ఏటీఆర్ 72 లాంటి టర్బోప్రాప్ విమానానికి సముద్ర మట్టంలో సుమారు 1,300 మీటర్లు చాలు. ఎయిర్‌బస్ ఏ320 పూర్తి బరువుతో లేవాలంటే 2,100 మీటర్ల దాకా కావాలి. కానీ గంటన్నర ప్రయాణానికి ఆ విమానం ట్యాంకు నిండా ఇంధనం నింపుకోదు. బరువు తగ్గుతుంది, కావాల్సిన పొడవూ తగ్గుతుంది. అందుకే నివేదికలో ఏ విమానం, ఏ ఊరికి, ఎంత బరువుతో, ఎంత ఎండలో లేస్తుందో చూపించే పట్టిక ఉందో లేదో వెతకండి. అది లేకుండా ‘భవిష్యత్ అవసరాల దృష్ట్యా’ అని ఒక్క ముక్క రాసి ఉంటే ఆ పొడవుకు ఆధారం లేనట్టే. నేను చూసిన మాస్టర్ ప్లాన్లలో చాలాసార్లు చివరి కొన్ని వందల మీటర్లు ఏడాదికి నాలుగైదు చార్టర్ విమానాల కోసం వేసినవే. వాటిని కాస్త తక్కువ బరువుతో పంపినా, దారిలో ఒకచోట ఇంధనం నింపుకోమన్నా ఆ పొడవుతో పనే ఉండదు.

ఇక్కడ బయటివాళ్లకు పెద్దగా తెలియని సంగతి ఒకటుంది. రన్‌వేను 300 మీటర్లు పెంచుతామంటే సముద్రంలోకి 300 మీటర్ల తారు పట్టీ మాత్రమే వెళ్తుందని అనుకుంటాం. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో నిబంధనల ప్రకారం పెద్ద జెట్‌లు దిగే రన్‌వేకి తారు ముగిశాక 60 మీటర్ల స్ట్రిప్ (చదునైన ఖాళీ పట్టీ), దాని తర్వాత భద్రతా ప్రాంతం ఉండాలి. భద్రతా ప్రాంతం కనీసం 90 మీటర్లు, సిఫార్సు చేసేది 240 మీటర్లు. అంటే ఒక్కో చివర 300 మీటర్లు, రెండు చివర్లా కలిపి 600 మీటర్ల నేల. అన్నీ సవ్యంగా జరిగితే దాని మీద విమానం చక్రం కూడా మోపదు. వెడల్పు కూడా ఇలాగే పెరుగుతుంది. తారు వెడల్పు 45 మీటర్లే. కానీ ఇన్‌స్ట్రుమెంట్ ల్యాండింగ్ (పరికరాల సాయంతో దిగే ఏర్పాటు) ఉన్న పెద్ద రన్‌వేకి మధ్యగీత నుంచి ఇటు 140, అటు 140 మీటర్లు అడ్డంకులేవీ లేకుండా ఉంచాలి. మ్యాప్ మీద సన్నని గీతలా కనిపించే పొడిగింపు కాస్తా పగడపు దిబ్బ మీద ఎకరాల కొద్దీ పూడికగా మారేది ఇందుకే.

ఈ చోటును తగ్గించే మార్గం ఒకటుంది. దాన్ని ఎమాస్ అంటారు. రన్‌వే చివర, బరువు పడితే నలిగిపోయే తేలికపాటి సిమెంటు దిమ్మెలు పరుస్తారు. అదుపు తప్పి దూసుకొచ్చిన విమానం చక్రాలు వాటిలో కూరుకుపోయి ఆగిపోతాయి. 240 మీటర్ల చదును నేల చేయాల్సిన పని అంతకన్నా చాలా తక్కువ చోట అయిపోతుంది. ఉప్పుగాలిలో వాటిని కాపాడుకోవడానికి ఖర్చవుతుంది, నిజమే. అయినా దిబ్బను పూడ్చే ప్రతిపాదన ఏది వచ్చినా, ఎమాస్ ఎందుకు కుదరదో ముందు రాతపూర్వకంగా చెప్పమని అడగాలన్నది నా గట్టి అభిప్రాయం.

గాలి విషయం కూడా ఇప్పుడే చెప్పేస్తాను. దక్షిణ అట్లాంటిక్‌లోని సెయింట్ హెలీనా దీవిలో ఒక లోయను లక్షల ఘనపు మీటర్ల రాయితో నింపి దాని మీద రన్‌వే వేశారు. 2016 మేలో తెరవాల్సింది. తీరా పరీక్ష కోసం విమానాలు దిగేసరికి, ఒక వైపు నుంచి దిగేటప్పుడు గాలి ఉన్నట్టుండి వేగం, దిశ మార్చే విండ్ షియర్ సమస్య బయటపడింది. మామూలు సర్వీసులు 2017 అక్టోబరులో, మొదట అనుకున్నదానికంటే చిన్న విమానంతో మొదలయ్యాయి. మీ దీవిలో కొండలుంటే గాలి కొలతలు అన్ని రుతువుల్లోనూ, ప్రతిపాదిత రన్‌వే రెండు చివర్లలోనూ తీసి ఉండాలి. చివరికి చిన్న విమానమే దిగేటట్టయితే పెద్ద విమానం కోసం తవ్విన కొండ, పూడ్చిన సముద్రం వృథా. అదే ప్రాజెక్టులో మెచ్చుకోవాల్సిన పనీ జరిగింది. ఆ దీవిలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని వైర్‌బర్డ్ అనే పక్షి తిరిగే నేల కొంత పోతుందని ముందే గుర్తించి, వేరేచోట పచ్చిక భూములను దానికి అనువుగా తీర్చే పనిని ప్రాజెక్టులోనే కలిపారు.

ఇక ఎక్కడ కట్టాలన్న సంగతి. జపాన్‌లోని ఇషిగాకి దీవి కథ ఈ పనిలో ఉన్న ప్రతి ఇంజనీరూ చదవాలి. పాత రన్‌వే 1,500 మీటర్లే. 1979లో షిరాహో ఊరి ముందున్న సముద్రాన్ని పూడ్చి కొత్తది కడదామనుకున్నారు. అక్కడ అరుదైన నీలి పగడాల విస్తారమైన దిబ్బ ఉంది. ఊరివాళ్లు, శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి పట్టుబట్టారు. స్థలం ఒకటికి రెండుసార్లు మారింది. చివరికి లోపలి నేల మీద 2,000 మీటర్ల రన్‌వేతో 2013 మార్చిలో తెరిచారు. ముప్పై ఏళ్లు ఆలస్యమైందని విసుక్కునేవాళ్లున్నారు. నా లెక్కలో ఆ ఆలస్యానికి కారణం మొదటి స్థలం ఎంపికే. నేల మీదికి మార్చగానే సమస్యలన్నీ తీరిపోయాయనీ కాదు. తవ్వుతుంటే గుహలు బయటపడ్డాయి, వాటిలో వేల ఏళ్ల నాటి మనుషుల ఎముకలు దొరికాయి. పైగా ఆ ప్రాంతపు ఎర్రమట్టి వానకు కొట్టుకుపోయి సముద్రంలో పగడాల మీద పేరుకుంటుంది. దాన్ని అరికట్టడానికే ఇషిగాకి ఉన్న ఒకినావా ప్రాంతంలో 1990లలో ప్రత్యేక నిబంధనలు తెచ్చారు. కాబట్టి నేల మీద కడుతున్నాం, సముద్రానికి ఢోకా లేదు అని ఎవరైనా అంటే నమ్మకండి. వాలు నేలను ఒకేసారి మొత్తం చదును చేయకుండా ముక్కలు ముక్కలుగా తవ్వడం, తవ్విన ముక్కను కప్పాకే తర్వాతి ముక్కకు వెళ్లడం, వాన నీరు ముందు మడ్డి దిగే గుంటల్లోకి వెళ్లాకే బయటికి వదలడం, ఇవన్నీ వానాకాలానికి ముందే సిద్ధంగా ఉండాలి.

అట్లాంటిక్‌లోని పోర్చుగల్ దీవి మదీరాలో ఇంకో దారి తొక్కారు. అక్కడ 1,600 మీటర్ల రన్‌వే ఉండేది. 1977 నవంబరులో ఒక విమానం వానలో రన్‌వే దాటి కిందపడి 131 మంది చనిపోయారు. తర్వాత దాన్ని విడతలుగా పెంచుతూ 2000 నాటికి 2,781 మీటర్లకు తెచ్చారు. ఆ పొడిగింపును మట్టి పోసి పూడ్చకుండా, దాదాపు 70 మీటర్ల ఎత్తైన 180 స్తంభాల మీద వంతెనలా నిలబెట్టారు. ఖరీదైన పని. కానీ కింద గాలి, నీరు, మనుషులు తిరగడానికి చోటు మిగిలింది. లోతు ఎక్కువ, తీరం నిటారు అయినచోట స్తంభాలు నయం. లోతు తక్కువైన లగూన్‌లో (దిబ్బ చాటున ఉండే సముద్రపు మడుగులో) స్తంభాలు పాతడానికి చేసే డ్రెడ్జింగ్ (సముద్రపు అడుగును యంత్రంతో తోడడం), వాటి నీడ కూడా పగడాలకు చేటే. అందుకే ఒకచోట గెలిచిన డిజైన్‌ను ఇంకోచోట అలాగే దింపకూడదు.

పూడ్చక తప్పదంటే ఎలా పూడ్చుతారో చూడండి. హాంకాంగ్ మూడో రన్‌వే కోసం సుమారు 650 హెక్టార్ల సముద్రాన్ని పూడ్చారు. ఆ నీళ్లలో చైనా తెల్ల డాల్ఫిన్లు తిరుగుతాయి. మామూలుగా అయితే అడుగున ఉన్న మెత్తని బురదను తోడి వేరేచోట పారబోస్తారు. అక్కడ తోడకుండా, బురదలోకే సిమెంటు కలిపి గట్టిపరిచే పద్ధతి వాడారు. బురద కదిలితే అందులో ఉన్న కాలుష్యం నీళ్లంతటా కలుస్తుందన్నది కారణం. ఆ దగ్గరి నుంచి వెళ్లే వేగవంతమైన ఫెర్రీలకు 15 నాట్ల (గంటకు సుమారు 28 కిలోమీటర్ల) వేగ పరిమితి పెట్టారు. అంత చేసినా, డాల్ఫిన్లు తిరిగే చోటు శాశ్వతంగా పోయిన మాట వాస్తవం. అందుకు బదులుగా సముద్ర ఉద్యానవనాన్ని ప్రకటించారు. నా అభిప్రాయంలో అలాంటి రక్షిత ప్రాంతం పూడిక మొదలవకముందే అమల్లోకి రావాలి. పనులప్పుడు పారిపోయిన జీవులకు వెళ్లడానికి ఒక చోటు ఆ రోజే ఉండాలి కదా.

జపాన్‌లో సముద్రాన్ని పూడ్చి కట్టిన చుబు విమానాశ్రయ దీవి మూలలను గుండ్రంగా మలిచారు, అఖాతంలో నీటి ప్రవాహానికి అడ్డు తగ్గాలని. అలాగే సముద్రంలో కట్టిన కాన్సాయ్ విమానాశ్రయంలో సముద్రపు గోడలను నిటారుగా కాకుండా రాళ్లతో వాలుగా కట్టారు. ఆ వాలు మీద సముద్రపు నాచు పెరిగి చేపలకు ఆశ్రయమైంది. అదే కాన్సాయ్ మెత్తని బంకమట్టి మీద కట్టినది కావడంతో కుంగుతూనే ఉంది. టెర్మినల్ స్తంభాల కింద జాకీలు పెట్టి ఎప్పటికప్పుడు ఎత్తు సరిచేసుకుంటారు. 2018 సెప్టెంబరు 4న జెబి తుపాను వచ్చినప్పుడు అలలు గోడ దాటి రన్‌వే మునిగింది. లంగరు తెగిన ట్యాంకర్ ఓడ ఒకటి వచ్చి వంతెనను గుద్దడంతో వేలమంది విమానాశ్రయంలోనే చిక్కుకుపోయారు. సముద్ర మట్టం పెరుగుతున్న కాలంలో మీ రన్‌వే ఎత్తును ఏ సంవత్సరపు మట్టానికి, ఏ స్థాయి తుపాను అలకు లెక్కగట్టారో అడగండి. దీవికి ఆ విపత్తు రోజున సాయం దిగాల్సింది ఆ రన్‌వే మీదే.

ఇప్పుడు బురద. దీవి పనుల్లో నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. పగడాన్ని యంత్రం నేరుగా విరగ్గొట్టేది తక్కువ మేర. నీళ్లలో లేచిన సన్నని మడ్డి మాత్రం చాలా దూరం పోతుంది. పగడంలో ఉండే సూక్ష్మ శైవలాలకు (కంటికి కనిపించని నాచుకు) ఎండ కావాలి. మడ్డి కమ్మితే అవి ఆహారం తయారుచేయలేవు. పైన పేరుకున్న మడ్డిని వదిలించుకోవడానికి పగడం జిగురు స్రవిస్తూ ఉన్న శక్తినంతా ఖర్చు పెట్టుకుంటుంది. అట్లాంటిక్‌లోని బెర్ముడా దీవుల్లో రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1941 నుంచి 1943 వరకు, కాజిల్ హార్బర్‌ను తోడి పూడ్చి వైమానిక స్థావరం కట్టారు. అదే నేటి విమానాశ్రయం. అక్కడి పగడాల మీద దశాబ్దాల తర్వాత కూడా ఆ పని గుర్తులు కనిపించాయి. అడుగున చేరిన సన్నని మడ్డి గాలి వీచినప్పుడల్లా మళ్లీ లేస్తూనే ఉండడం అందుకు ఒక కారణం. పని ముగిసింది కదా, నీళ్లు తేటపడతాయి అనే మాట అన్నిచోట్లా చెల్లదు.

నివేదికల్లో దీనికి పరిష్కారంగా ‘సిల్ట్ కర్టెన్ ఏర్పాటు చేయబడును’ అని రాస్తారు. పైన తేలే బుంగలు, కింద బరువు గొలుసు, మధ్యలో గుడ్డ, అంతే ఆ తెర. నిలకడ నీళ్లలో బాగా పనిచేస్తుంది. ప్రవాహం ఒక నాట్ దాటిందంటే ఆ గుడ్డ గాలికి ఎగిరిన చీర కొంగులా పైకి లేచిపోతుంది, మడ్డి దాని కింద నుంచి దర్జాగా వెళ్లిపోతుంది. పడవ మీద నిలబడి చూస్తే బుంగల వరస చక్కగానే ఉంటుంది. తెర అవతలి వైపు నీళ్లు పాలచాయగా మారుతుంటే తప్ప తెలియదు. అందుకే తెర ఉందా అని అడిగితే చాలదు. నీటి మురికిని కొలిచే మీటర్లు ఎక్కడెక్కడ ఉన్నాయి, ఎంత దాటితే పని ఆపుతారు, ఆపమనే అధికారం ఎవరిది అన్న మూడూ అడగాలి. పోలికకు ప్రవాహానికి ఎదురు దిశలో, పని ప్రభావం లేనిచోట ఒక మీటరు ఉండాలి. లేకపోతే మురికి పెరిగిన ప్రతిసారీ ‘నిన్న గాలి ఎక్కువగా వీచింది’ అనే సాకు సిద్ధంగా ఉంటుంది. పగడాలు గుడ్లు వదిలే రాత్రులు చాలాచోట్ల ఏడాదిలో కొన్నే, పౌర్ణమి తర్వాతి రోజుల్లో ఉంటాయి. ఆ రోజులకు అటూ ఇటూ డ్రెడ్జింగ్ పూర్తిగా ఆపేలా క్యాలెండర్ ముందే వేసుకోవచ్చు. ఇది ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న పని.

‘పగడాలను వేరేచోటికి తరలిస్తాం’ అన్న హామీ గురించి కూడా అడిగారు. ఒకినావాలోని నాహా విమానాశ్రయంలో 2020లో తెరిచిన రెండో రన్‌వే కోసం అలా తరలించారు. ఎలాగూ పూడిక కిందికి పోయేవాటిని కాపాడుకోవడం మంచిదే. కానీ తరలించేది పగడాల గుంపులను, దిబ్బను కాదు. అందులో దాక్కునే చేపలు, పీతలు, దిబ్బ అలలను విరిచే బలం, ఇవేవీ లారీకెక్కవు. పైగా కొత్త చోట ఇన్నాళ్లూ పగడాలు ఎందుకు పెరగలేదో ఎవరైనా చూశారా? అక్కడ నీళ్లు బాగాలేకనే పెరగకపోయి ఉంటే, తీసుకెళ్లి నాటినవి కూడా నిలబడవు.

మంచినీళ్ల సంగతి చాలామంది చివర పెడతారు. చిన్న దీవిలో దాన్ని మొదటి వరసలో పెట్టాలి. ఇలాంటి దీవుల కింద వాన నీరు ఉప్పునీటి మీద తేలుతూ ఒక పొరగా ఉంటుంది. స్థూలంగా, ఆ మంచినీటి మట్టం సముద్ర మట్టం కంటే 1 మీటరు పైన ఉంటే, కింద సుమారు 40 మీటర్ల దాకా మంచినీరు ఉంటుంది. మరోలా చెబితే, పైన 10 సెంటీమీటర్లు తగ్గితే కింద 4 మీటర్లు పోయినట్టు. ఎకరాల కొద్దీ తారు, కాంక్రీటు పరిచి, ఆ వాన నీటిని కాలవల ద్వారా నేరుగా సముద్రంలోకి వదిలితే ఈ పొర సన్నబడుతుంది. దీన్ని తలకిందులు చేసిన చోటు మార్షల్ దీవుల్లోని మజురో. అక్కడ రన్‌వే మీద పడ్డ వాన నీటిని పట్టి, చెరువుల్లో నిల్వచేసి, శుద్ధిచేసి ఊరికి సరఫరా చేస్తారు. పట్టణ నీటికి ప్రధాన ఆధారం అదే. చమురు విడదీసే గుంటలు, మొదటి వానను పక్కకు మళ్లించే ఏర్పాటు ఉంటే ఇది మీ దగ్గరా ఆలోచించదగ్గదే. ఒక జాగ్రత్త: తెరిచి ఉన్న నీళ్లు పక్షులను పిలుస్తాయి. విమానాశ్రయం చుట్టూ 13 కిలోమీటర్ల మేర పక్షులను ఆకర్షించే వాటిని గమనించాలని ఐకావో చెబుతుంది. కాబట్టి నిల్వకు మూత తప్పనిసరి.

నీటికి అసలు శత్రువు మాత్రం అగ్నిమాపక నురుగు. దశాబ్దాలపాటు వాడిన నురుగులో పీఫాస్ అనే రసాయనాలుండేవి. అవి నేలలో విరిగిపోవు. సిబ్బంది వారం వారం అదేచోట మంటపెట్టి ఆర్పే సాధన చేయడం వల్ల నేలలోకి దిగిపోయాయి. ఇంగ్లండ్, ఫ్రాన్స్‌ల మధ్య ఉన్న జెర్సీ దీవిలో విమానాశ్రయం అగ్నిమాపక శిక్షణా స్థలం నుంచి ఇవి భూగర్భ జలాల్లో కలిసి చుట్టుపక్కల ఇళ్ల బావులు పాడయ్యాయి. ఇప్పుడు ఫ్లోరిన్ లేని నురుగులు దొరుకుతున్నాయి. విస్తరణతో పాటు వాటికి మారడం, పాత శిక్షణా స్థలం మట్టిని పరీక్షించడం రెండూ ఉండాలి. ఆ పాత మట్టినే తవ్వి కొత్త పూడికలో వాడితే కాలుష్యాన్ని దీవంతా పంచినట్టవుతుంది. నిర్మాణం మొదలవకముందే నేల పరీక్షలు పూర్తికావాలని పట్టుబట్టండి.

మట్టి, ఇసుక ఎక్కడి నుంచి తెస్తారన్నదీ ముఖ్యమే. పసిఫిక్ దీవుల దేశం తువాలులోని ఫునఫుటిలో రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యం రన్‌వే కోసం దీవి నేలనే తవ్వుకుంది. ఆ గుంటలు ఉప్పునీటితో, చెత్తతో నిండి, 2015లో న్యూజీలాండ్ సాయంతో పూడ్చేదాకా అలాగే ఉన్నాయి. బయటి నుంచి తెస్తే వేరే తలనొప్పి: కంకరతో, యంత్రాల టైర్లకు అంటిన మట్టితో కొత్త చీమలు, గింజలు, బల్లులు దిగుతాయి. పసిఫిక్‌లోని గువామ్ దీవికి బహుశా సైనిక సరుకుతోనే చేరిన గోధుమరంగు చెట్టుపాము అక్కడి అడవి పక్షులను దాదాపు తుడిచిపెట్టేసింది. అక్కడి నుంచి బయలుదేరే సరుకును నేటికీ కుక్కలతో వాసన చూపించి తనిఖీ చేస్తారు. బార్జ్ (సరుకు మోసే చదును పడవ) ఎక్కకముందే యంత్రాలను కడిగించడం, కంకరను తనిఖీ చేయడం చిన్న ఖర్చుతో పోయే పనులు.

దీపాల విషయంలో ఒకచోటి నియమం ఇంకోచోట ఎలా తిరగబడుతుందో చూడండి. గ్రీసులోని జాకింథోస్‌లో రాత్రి విమానాలకు అనుమతి లేదు. పక్కనే ఉన్న తీరం తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు. పసిఫిక్‌లోని మిడ్‌వే దీవిలో ఆల్బట్రాస్ పక్షుల సీజన్‌లో విమానాలు రాత్రిపూటే దిగుతాయి. పగలైతే ఆకాశం నిండా పక్షులే. హవాయిలోని కవాయ్‌లో సముద్రపక్షుల పిల్లలు శరత్కాలంలో మొదటిసారి ఎగురుతూ ఊరి దీపాలకు తికమకపడి నేల మీద పడిపోతాయి. వాటిని ఏరి కాపాడే కార్యక్రమం 1979 నుంచి నడుస్తోంది. కాబట్టి మీ దీవిలో ఏ జీవి, ఏ నెలలో, ఏ వేళ కదులుతుందో ముందు తెలియాలి. రన్‌వే దీపాల మీద రాజీ కుదరదు, అవి నిబంధన ప్రకారమే ఉండాలి. పార్కింగ్, రోడ్డు, ఏప్రన్ (విమానాలు నిలిపే చోటు) దీపాలను మాత్రం కిందికి వంచి, పైన మూత పెట్టి, సముద్రం వైపు కాషాయ రంగు కాంతికి మార్చవచ్చు.

పని జరిగే తీరు గురించి ఒక్క మాట. దీవికి ఉన్నది ఒకే రన్‌వే. అంబులెన్స్ విమానం కూడా దాని మీదే. మూసి పనిచేయడం కుదరదు. రాత్రి చివరి విమానం వెళ్లాక పాత తారు గీరి, కొత్తది పరిచి, తెల్లవారకముందే తెరవాలి. ఆ రోజుకు పని ఆగినచోట పాత ఎత్తుకూ కొత్త ఎత్తుకూ మధ్య మెట్టు ఉండకూడదు. 5 సెంటీమీటర్ల లోపు పొర అయితే ఒక శాతం మించని వాలుతో తాత్కాలిక ర్యాంప్ చేసి కలపాలి. అంటే 5 సెంటీమీటర్ల మెట్టుకు 5 మీటర్ల ర్యాంప్. తెల్లవారుజామున టార్చ్‌లైట్లు పట్టుకుని వరసగా నడుస్తూ రాలిన గులకరాళ్లను చేత్తో ఏరే మనుషులు ఉంటారు. ఒక్క రాయి ఇంజన్‌లోకి వెళ్తే చాలు. గీరిన పాత తారును పారేయకుండా సర్వీసు రోడ్లకు, అడుగు పొరలకు వాడితే బార్జ్‌ల కొద్దీ కంకర ఆదా అవుతుంది. కానీ ఇలా రాత్రి పనులు నెలల తరబడి సాగితే ఫ్లడ్‌లైట్లు కూడా నెలల తరబడి వెలుగుతాయి. తాబేళ్ల సీజన్‌ను తప్పించేలా షెడ్యూలు వేశారో లేదో అక్కడే తెలుస్తుంది.

టెర్మినల్ గురించి తక్కువే చెబుతాను, అది తేలికైన భాగం. థాయ్‌లాండ్‌లోని సముయ్‌లో గోడల్లేని, గాలి ఆడే మండపాల్లాంటి టెర్మినల్ చాలాకాలంగా నడుస్తోంది. గలాపగోస్‌లోని బాల్ట్రాలో 2012లో తెరిచిన టెర్మినల్‌కు పాత భవనపు సామగ్రిని తిరిగి వాడారు, సహజమైన గాలి, వెలుతురు వచ్చేలా కట్టారు, సముద్రపు నీటిని శుద్ధిచేసి వాడుతున్నారు. చేయదగ్గ పనులే. గేటు దగ్గర నిలబడ్డ విమానానికి కరెంటు, చల్లని గాలి నేల నుంచే ఇస్తే దాని చిన్న ఇంజన్ ఆపేయొచ్చు, పొగ, మోత రెండూ తగ్గుతాయి. అయితే పైకప్పు మీద సోలార్ పెట్టి ‘హరిత విమానాశ్రయం’ అని బోర్డు పెట్టినంత మాత్రాన లెక్క సరిపోదు. ఉద్గారాల్లో సింహభాగం విమానాలదే. టెర్మినల్ ఎంత పొదుపుగా ఉన్నా, విమానాలు రెట్టింపైతే ఉద్గారాలు పెరుగుతాయి. నివేదికలో ఈ రెండూ వేర్వేరు వరసల్లో కనిపించాలి.

విమానాల సంఖ్య దగ్గరికే మళ్లీ వస్తున్నాం, ఎందుకంటే దీవికి విమానాశ్రయమే కుళాయి. ఎంత తిప్పితే అంతమంది వస్తారు. వాళ్లకు నీళ్లు కావాలి, వాళ్ల మురుగు ఎక్కడికో పోవాలి, చెత్త ఎక్కడో పడాలి. ఆస్ట్రేలియాలోని లార్డ్ హౌ దీవిలో ఒకేసారి ఉండగల పర్యాటకుల సంఖ్యను 400కు పరిమితం చేశారు. రన్‌వే 900 మీటర్లు కూడా లేదు. ప్రతి దీవీ అంత కఠినంగా ఉండాలని నేననను. మీ దీవిలో జనాభా, ఆసుపత్రి అవసరాలు, ఉపాధి వేరు. కానీ ఎంతమంది అన్న అంకె మురుగు శుద్ధి కేంద్రం, నీటి సరఫరా, చెత్త నిర్వహణ సామర్థ్యం నుంచి పుట్టాలి. టెర్మినల్ సామర్థ్యం ఆ అంకె తర్వాత రావాలి. విమానాశ్రయం పెరిగి మురుగు శుద్ధి కేంద్రం పెరగకపోతే, మీరు పనులప్పుడు కష్టపడి కాపాడిన పగడాలు తర్వాతి పదేళ్లలో హోటళ్ల మురుగుతో పోతాయి. ఈ రెండు పనులకూ ఒకే అనుమతిలో షరతు పెట్టమని అడగొచ్చు: శుద్ధి కేంద్రం మొదలయ్యాకే అదనపు విమానాలకు స్లాట్లు.

ఇక మీరు బహిరంగ విచారణకు వెళ్తున్నారు కాబట్టి, ముసాయిదా కాంట్రాక్టు పత్రాలు కూడా చూపించమని అడగండి. పర్యావరణ నిర్వహణ మొత్తాన్ని ‘కాంట్రాక్టరు బాధ్యత’ అని ఒక్క వాక్యంలో వదిలేశారా, లేక మీటర్లకు, నీటి పరీక్షలకు, డైవర్లకు, తాబేళ్ల కాపలాకు బిల్లులో విడి పద్దులు ఉన్నాయా చూడండి. విడి పద్దు లేని పని సైటులో జరగదు. అన్నిటికంటే ముఖ్యంగా డ్రెడ్జర్ నిలిపివేత రేటు కోసం వెతకండి. నీళ్లలో మురికి హద్దు దాటి పని ఆపితే, ఆ ఆగిన గంటలకు డబ్బు ఎవరు భరిస్తారో చెప్పే పద్దు అది. డ్రెడ్జర్‌ను నిలబెట్టడం చాలా ఖరీదు. ఆ భారమంతా కాంట్రాక్టరు మీదే పడితే మీటరు ఎర్రగా వెలిగినా అతను ఏదో ఒక కారణం చెప్పి పని నడిపిస్తాడు, సైటులో ఉన్న జూనియర్ పర్యావరణ అధికారి నోరు మెదపలేడు. సగటున నెలకు ఇన్ని గంటలు ఆగుతుందని ముందే అంచనా వేసి, అందుకు ప్రభుత్వమే ఒక రేటు రాసి, ఆపే అధికారాన్ని కాంట్రాక్టరు జీతం తీసుకోని మనిషికి ఇచ్చి ఉంటే, ఆ నివేదిక రాసినవాళ్లు సముద్రాన్ని చూసే రాశారని అర్థం. ఆ పద్దు లేకపోతే, విచారణలో మీ మొదటి అభ్యంతరంగా దాన్నే రాతపూర్వకంగా ఇవ్వండి.